గడప దాటిన పెట్టె

ఇంట్లో ఎవరైనా ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే నేను ఆ గదిలో ఉండను. మనవరాళ్ళు నవ్వుతారు. అవ్వకు దయ్యమంటే భయం లేదుగానీ పెట్టె అంటే భయమంటారు. నవ్వనీ, వాళ్ళకేం పోయింది. పెట్టె సర్దడమంటే వాళ్ళకు చీరలు మడత పెట్టడం. నాకు మాత్రం ఇప్పటికీ ఎక్కడి నుంచో ఆముదం వాసన వస్తుంది.

నేను సర్దిన మొదటి పెట్టె మలయాకు పోయే పెట్టె. పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. మాది పావగడ తాలూకా, రాయచెర్లు. మైసూరు మహారాజుగారి సీమే గానీ, మా తాలూకా చుట్టూ ఉన్నదంతా మద్రాసు సర్కారు భూమి. రైలెక్కాలంటే హిందూపురం పోవాలి, అంటే సీమ దాటాలి. ఎద్దులు అమ్మాలన్నా, పిల్లనివ్వాలన్నా సీమ దాటకుండా మాకు జరిగేది కాదు. కాబట్టి పరాయి సీమంటే మా వాళ్ళకు లెక్క లేదు. సముద్రం మాత్రం వేరే సంగతి. మా ఊళ్ళో దాన్ని చూసిన ఆడమనిషి ఒక్కతీ లేదు.

మా ఆయన మలయాలో ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉండేవారు. ఆయన తల్లి, అంటే మా అత్త, మా నాయనకు తోడబుట్టిన చెల్లెలు. మా అమ్మ నన్ను కని, బాలింతగా ఉండగానే పోయింది. పొత్తిళ్ళలో ఉన్న నన్ను ఎత్తుకొచ్చి పెంచింది మేనత్తే. పెరిగాక తన కొడుక్కే చేసుకుంది. కాబట్టి నాకు అమ్మ అయినా ఆమే, అత్త అయినా ఆమే. కోపం వచ్చిన రోజు రెండు కోపాలూ కలిపి వచ్చేవి.

ఆ ఏడు మా ఆయన సెలవు మీద వచ్చి, కొన్నాళ్ళు ఉండి వెళ్ళారు. తోటలో ఇల్లు ఇస్తామన్నారట. అదే తోటలో మేస్త్రీగా ఉన్న పెద్దాయన ఒకరు, మాకు దూరపు చుట్టం, ఊరికి వచ్చి ఉన్నాడు. ఉగాది దాటాక ఆయన తిరిగి పోయేటప్పుడు భార్యను తీసుకుపోతాడు, వాళ్ళతో పాటు నేనూ పోవాలని మాట అయింది. అత్తా మామా ఒప్పుకున్నారు. నేను నేల మీద నడవడం మానేశాను.

మా ఆయన ఓడెక్కిన కొన్నాళ్ళకే నాకు నెల తప్పింది.

ఇంకో ఆడదైతే సంతోషపడేది. నాకు చెమటలు పట్టాయి. నీళ్ళోసుకున్న దాన్ని మా వైపు ఏరు దాటనివ్వరు, కొండెక్కనివ్వరు. సముద్రం దాటిస్తారా? తెలిసిందంటే కాన్పు ఇక్కడే అంటారు. కాన్పయ్యాక పసిబిడ్డతో ఓడ ఏమిటంటారు. బిడ్డ నడిచే వేళకు తోడెవరూ లేరంటారు. మేస్త్రీ మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాడో ఆయనకే తెలియదు. పెళ్ళయి నాలుగేళ్ళయినా మొగుడి మొహం తనివితీరా చూడని దాన్ని. నేను పోవాలి. కడుపులో బిడ్డతోనే పోవాలి, ఆయన పక్కనే కనాలి. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు.

దాచడమంటే మాటలా? నెల నెలా మూడు దినాలు ఇంట్లోకి రాకుండా కొట్టం పక్క పంచలో కూర్చోవాలి. కూర్చోకపోతే ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోతుంది. అందుకని లెక్క పెట్టుకుని, ఏమీ లేకుండానే పోయి పంచలో కూర్చున్నాను. పాత గుడ్డలు నీళ్ళలో ముంచి ఆరేశాను. అత్త దూరం నుంచి ముద్దా చారూ నా తట్టలో వేసి, "ఎండలో కూచోవాక, కండ్లు తిరుగుతాయి" అని పోయింది. పొద్దున పూట వాంతి వస్తే ఎద్దుల గాడి దగ్గరికి పోయి కక్కుకునేదాన్ని. ఎద్దులు ఎవరికి చెబుతాయి?

అన్నిటికంటే ఆముదం కాచే దినాలు నన్ను చంపాయి. ఇంటి ముందు పెద్ద కుండలో దంచిన ఆముదాలు ఉడికిస్తే ఆ వాసనకు పేగులు నోట్లోకి వచ్చేవి. చెనక్కాయలు వలిచే పని ఉందని చెప్పి దొడ్లోకి పారిపోయేదాన్ని. వలిచిన చెనక్కాయలు ఇంటికి సరిపడా అయినాక కూడా వలిచేదాన్ని.

ఇక పెట్టె. మామ బెంగళూరు నుంచి రేకు పెట్టె తెప్పించాడు, మూత మీద పువ్వులున్నది. ఒక పెట్టె, రెండు మూటలు, అంతకు మించి మోయనని మేస్త్రీ ముందే చెప్పాడు. కానీ ఊరు ఊరుకుంటుందా? మలయాలో తిండి దొరకదని అందరికీ గట్టి నమ్మకం. ఒకరు చింతపండు తెచ్చారు, ఒకరు ఉలవలు తెచ్చారు, ఎండు మిరపకాయలు రెండు మూటలయ్యాయి. మామ నల్ల కంబళి తెచ్చి పైన పరిచాడు. అక్కడ ఏడాది పొడుగునా ఉక్కపోతని కొడుకు చెప్పిపోయింది ఆయనకు గుర్తే లేదు.

"కంబళి లేకుండా పోతే మనల్ని ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఉడికి సచ్చిందని అనుకుంటారు" అంది అత్త. అయినా కంబళి తీయలేదు.

పగలంతా అత్త సర్దేది. ఆమె దొడ్డి వైపు పోగానే నేను సర్దేదాన్ని. నాది వేరే మూట. రవిక గుడ్డంత మూట, పెళ్ళిచీర మడతలో దాచింది. అందులో ఏముండాలో నాకు తెలియదు, అదే నా ప్రాణానికి వచ్చింది. కాన్పు నేను చూసిన దాన్ని కాదు. తల్లి లేని పిల్ల చూడకూడదని, ఎవరి ఇంట్లో కాన్పయినా నన్ను దూరంగా పంపేవాళ్ళు. అక్కడ మనవాళ్ళెవరూ ఉండరు. మేస్త్రీ భార్యకు బిడ్డలు లేరు. అక్కడ ఏ మందు దొరుకుతుందో, ఏది దొరకదో, ఎవరినడగను? అడిగితే బయటపడతాను.

ఒకరోజు అత్త రాగిపిండి జల్లిస్తుంటే, ఊరికే అడిగినట్టు అడిగాను.

"అత్తా, ఆ దేశంలో ఆడోళ్ళు కాన్పైతే ఏం మందు తింటారో?"

"వాళ్ళేం తింటే నీకేంటికి? జల్లెడ ఇట్ల పట్టు."

ఇక అడగలేదు. శొంఠి కొమ్ములు నాలుగు, కొంచెం పిప్పళ్ళు, వస కొమ్ము ఒకటి అత్త మందుల కుండలో నుంచి తీశాను. వాము కూడా కావాలని ఎవరో అనగా చిన్నప్పుడు విన్నాను. చీకటి మూలలో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన గింజలు గుప్పెడు పోసుకున్నాను. చాలునా, చాలదా? ఎంత తినాలి, ఎప్పుడు తినాలి? బొడ్డు దేనితో కడతారు? కూర్చున్నా నిలబడ్డా ఇదే. మూట కట్టేదాన్ని, విప్పేదాన్ని, ఇంకో కొమ్ము వేసేదాన్ని. అత్త అడుగుల చప్పుడు వినిపిస్తే మూత దబ్బుమని వేసి, పెట్టె మీద కూర్చుని జడ అల్లుకునేదాన్ని. ఆ నెలలో జడ అల్లుకున్నన్ని సార్లు జన్మలో అల్లుకోలేదు.

అప్పుడు వచ్చింది ప్రస్థానం మాట. ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు. మంచి ముహూర్తం ఒక దినం ఉండి, బయలుదేరేది వేరే దినమైతే, ప్రయాణం చేసే మనిషి వస్తువొకటి ఆ మంచి ఘడియలో ఇల్లు దాటించి, ఇంకొకరి ఇంట్లో పెడతారు. అది గడప దాటిందంటే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత కొద్ది దినాల్లో ఎప్పుడు పోయినా దోషం లేదు. కానీ ఆ వస్తువు మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నట్టే, దాన్ని వెనక్కి తెస్తే ప్రయాణానికి చేటు. మామూలుగా ఒక రవిక గుడ్డా, కొబ్బరికాయా, తమలపాకులూ పెడతారు. మా అత్త మాత్రం, "పెట్టె మొత్తం దాటిస్తాం" అంది.

"పెట్టె ఏంటికత్తా? గుడ్డ పెడితే సాలదా?"

"సముద్రం దాటేదానికి గుడ్డ పెడితే ఏం లెక్క? పెట్టే పోవల్ల."

మామ కూడా గొణిగాడు. ఇంకా ఏమైనా మరిచిపోతే ఎట్లా అన్నాడు. అత్త వినలేదు. పెట్టెకు తాళం వేసింది, తాళంచెవి తన కొంగుకు కట్టుకుంది. గురువారం పొద్దున మామ, పక్కింటి మనిషీ చెరో పక్క పట్టుకుని, తూర్పు వీధి చివర ఒంటరిగా ఉండే అవ్వ ఇంట్లో దింపి వచ్చారు. మేము పోయేది వారం తర్వాత. పెట్టె గడప దాటుతుంటే నేను వాకిట్లో నిలబడి చూశాను. నా మూట అందులోనే ఉంది. కట్టిన ముడి గట్టిదా, వదులా? పెళ్ళిచీర మడతలో నుంచి జారి పైకి వస్తే? ఇక నా చేతిలో ఏమీ లేదు.

ఆ వారం నేను అన్నం తిన్నానని చెప్పలేను. ఏదో ఒక సాకు పెట్టి అవ్వ ఇంటికి పోయేదాన్ని. మజ్జిగ ఇవ్వడానికని ఒకసారి, నిప్పు తేవడానికని ఒకసారి. అవ్వకు చూపు ఆనదు. "ఎవరప్పా, పెట్టె పాపనా?" అనేది. నాకు ఆ ఊళ్ళో చివరి పేరు అదే అయింది.

మూడో సారో నాలుగో సారో పోయినప్పుడు, గడపలో అడుగు పెట్టగానే ఆముదం వాసన కొట్టింది. అవ్వ దీపమేమో అనుకున్నాను. వంగి చూస్తే పెట్టె కింద మట్టి నేల అరచేయంత మేర నల్లగా తడిసి ఉంది. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదమే.

నేను పెట్టెలో ఆముదం పెట్టలేదు. ఆ వాసన పడక సీసా వైపు కూడా చూడని దాన్ని, ఎట్లా పెడతాను?

పెట్టిందెవరు? తాళంచెవి ఎవరి కొంగున ఉంది? అత్త పెట్టె తెరిచింది. నేను దాచిన చోటి దాకా చెయ్యి పెట్టింది. చూసింది. చూసి కూడా ఒక్క మాట అనలేదు. అదే నన్ను వణికించింది. మా అత్త తిట్టే మనిషి. పాలు పొంగితే పొయ్యిని కూడా తిట్టేది. ఆమె ఊరుకుందంటే లోపల ఏదో నిర్ణయించుకుందన్నమాట. మామతో చెప్పి, మేస్త్రీని పిలిపించి, అందరి ముందూ "ఇది రాదు, మీరు పోండి" అంటుంది. ఎప్పుడంటుంది? ఇవాళనా, బండి కట్టినాకనా?

రెండు దినాలు ఆమె మొహమే చూస్తూ తిరిగాను. ఆమె రాగులు చెరిగింది, దూడను కట్టేసింది, నాకు తలంటి పోసింది. తలంటేటప్పుడు చేతులు ఎప్పటికంటే నెమ్మదిగా పోయాయనిపించింది. దానికీ భయమే వేసింది. ఆ రాత్రి అన్నాల దగ్గర మామ, "పెట్టె బరువెక్కువంటాడు మేస్త్రీ. తెచ్చి తెరిచి, కొంచెం తీసేస్తే ఎట్లుంటాది?" అన్నాడు.

నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ప్రస్థానం పెట్టిన పెట్టె మళ్ళా గడప తొక్కుతాదా? పెద్దోడివి, ఏం మాట్లాడతాండావు?" అంది అత్త. మామ తలవంచుకుని తిన్నాడు.

తెల్లవారి నాకిక వల్ల కాలేదు. ఏదైతే అదే కానీ అనుకున్నాను. అత్త వాకిట్లో చేట పట్టుకుని కూర్చుని ఉంది. పోయి ఎదురుగా నిలబడి, "అత్తా, పెట్టెలో ఏందో కారుతాండాది" అన్నాను.

చేట కింద పడింది. "కారుతాండాదా?" అని లేచి, కొంగు బిగించి, వీధిలో పరుగులాంటి నడక నడిచింది. నేను వెనకే. అవ్వను బయట ఎండలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, అత్త తాళం తీసింది.

కంబళి తీసింది. రాగిపిండి సంచి తీసింది. పెళ్ళిచీర తీసింది. దాని కింద నా మూట లేదు. నా మూటకు నాలుగింతలున్న ఇంకో మూట ఉంది. పాత గుడ్డలో కట్టింది, సగం ఆముదంతో తడిసింది. అత్త విప్పింది. శొంఠి, పిప్పళ్ళు, మోదుగ బంక, ఇంగువ, నూలు దారం చుట్ట, నాకు పేర్లు తెలియని వేళ్ళు, పొడులు, ఒక్కొక్కటి వేరే గుడ్డ పీలికలో కట్టినవి. మధ్యలో ఆముదం సీసా, బిరడా జారి ఒరిగిపోయి ఉంది. నేను కట్టిన చిన్న మూట కూడా అందులోనే ఉంది.

అత్త సీసా నిలబెట్టి, బిరడా బిగించి, అప్పుడు తలెత్తింది.

"ఎన్నో నెల?"

నెలల తరబడి ఈ మాటకే భయపడ్డాను. వచ్చేసరికి ఏడుపు వచ్చింది. "మూడు నిండినాయి" అన్నాను ఎట్లాగో.

"నాకు అప్పుడే తెలుసు. వాడని, మడతే చెదరని గుడ్డలు తడిపి ఆరేస్తే తెలీదా? నేనేమన్నా నిన్న పుట్టినానా?"

"తెలిస్తే ఏంటికి అడగల్యా?"

"నువ్వేంటికి చెప్పల్యా?"

"చెప్తే పంపుతావా?"

"పంపను" అంది ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "అందుకే అడగల్యా. అడిగితే నువ్వు చెప్తావు, చెప్తే నేను పంపను."

నేను పెట్టె అంచు పట్టుకుని కూర్చుండిపోయాను. అత్త నా మూట విప్పి, గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూసింది. "ఇదేంది, సోంపు! బాలింతకు వాము గానీ సోంపేంది? పెండ్లి విందుకు పోతాండావా?" అని విసిరి పారేసింది. ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

"పెట్టె మొత్తం ఏంటికి దాటించినానో తెలుసునా?" అంది. "ఇంట్లో ఉంటే నేనే తెరిచి అన్నీ బయట పారేసి, పోవద్దంటాను. ముందు దినం రెండుసార్లు పారేసినా, మళ్ళా సర్దినా. నా మనసు మింద నాకే నమ్మకం ల్యా. అది గడప దాటితే నువ్వూ దాటినట్టే. దాటినోళ్ళను వెనక్కి పిలవకూడదు గదా. నాకు ఇంకో దారి కనపడల్యా."

"మామకు తెలుసునా?"

"మీ మామకు తెలిస్తే నిన్ను గుంజకు కట్టేస్తాడు. మూటను మాట్లాడకుండా మొయ్యి."

అత్త కొంగుతో పెట్టె అడుగు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"మీ అమ్మకు అన్నీ ఉండె. ఈ మందులన్నీ ఉండె, మంత్రసాని ఉండె, నేను తలకాడనే కూచోని ఉంటి. ఏమాయె?" అంది, నా వైపు చూడకుండా. "ఆడ వాడు పనిచేసేది ఆసుపత్రి అంట. డాక్టరు ఉండాడంట. ఈడ ఏముండాది? నేనుండా. అప్పుడు నేనుంటే సరిపోల్యా."

నా పుట్టుక గురించి ఆమె నోట ఆ మాట అంతకు ముందు ఎన్నడూ వినలేదు. పోయి ఆమె ఒళ్ళో తల పెట్టాను. ఆముదం కంపు కొడుతోంది, వాంతి వచ్చేలా ఉంది, అయినా లేవలేదు. తలంటినప్పటి లాగే నా తల మీద చెయ్యి నెమ్మదిగా కదిలింది.

పెట్టెను ఇంటికి తీసుకుపోయే వీలు లేదు కాబట్టి అవ్వ ఇంట్లో నేల మీదే అన్నీ మళ్ళీ సర్దాం. ఏ మందు ఎన్నో దినం తినాలో, దేన్ని దేనితో నూరాలో అత్త చెప్పింది, నా చేత తిరిగి చెప్పించింది, తప్పు చెబితే తొడ మీద గిల్లింది. మూట కట్టిన పాత గుడ్డ నూనెతో తడిసిందని నేను పక్కన పడేయబోతే, చేతిలోంచి లాక్కుంది.

"ఇది మీ అమ్మ చీర. నువ్వు పుట్టినప్పుడు సగం నీ పొత్తిగుడ్డలకు చించితిమి. మిగిలింది ఈ సగం. నీ బిడ్డకు ఇదే చించు. నూనె అంటితే ఏమాయె, గుడ్డ మెత్తగా ఉంటాది."

బయలుదేరే దినం బండి అవ్వ ఇంటి ముందు ఆగింది. పెట్టె ఎక్కించారు. మామ ఎద్దుల పక్కన నిలబడి ముక్కు చీదుకుంటున్నాడు. మేస్త్రీ భార్య నాకు చోటిచ్చింది. అత్త బండి దాకా రాలేదు. అవ్వ ఇంటి గడపలోనే నిలబడిపోయింది. అవ్వ ఆమె మోచెయ్యి పట్టుకుని, "పోయిందా? పెట్టె పాప పోయిందా?" అని అడుగుతోంది. అత్త కొంగు కొస నోట్లో కుక్కుకుని ఉంది.

బండి కదిలింది. రాయచెర్లు దాటే మలుపు దాకా నా ప్రాణం నా చెవుల్లో ఉంది. మనసు మారుతుందేమో, ఆచారం గీచారం మరిచిపోయి, "అమ్మీ, ఆగు" అంటుందేమో. అంటే నేను దిగిపోతానని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. మలుపు వచ్చేదాకా పిలుస్తుందేమోనని భయపడ్డాను. మలుపు తిరిగాక, పిలవలేదే అని హిందూపురం దాకా ఏడ్చాను.